వీపు తిప్పి కూర్చున్న మనిషి

మా షాపు ముందు ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది. కొన్నప్పుడు ఎరుపే. ఎండకు వెలిసి వెలిసి ఇప్పుడు ఏ రంగో చెప్పలేను. పోయిన వారం దాని కాలు విరిగింది. పక్కనే సైకిల్ షాపు పెట్టుకున్నాయన చూసి, "పారెయ్యి స్వామీ, ఎవురన్నా పడితే నీ మీదికొస్తాది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నేను విరిగిన కాలికి బైండింగ్ వైరు చుట్టి గోడకు ఆనించి పెట్టాను. దాని మీద ఇక ఎవరూ కూర్చోలేరు. కూర్చోకపోతేనే నాకు మేలు.

మదనపల్లెలో మాది పశువుల మందుల షాపు. వచ్చినవాళ్లు ఆ స్టూలు మీద నా వైపు తిరిగి కూర్చుని, ఆవు మేత ముట్టడం లేదనో, గొర్రెలు దగ్గుతున్నాయనో చెప్పుకుంటారు. ఒక్క ఆమె మాత్రం రోడ్డు వైపు ముఖం పెట్టి, నాకు వీపు చూపించి కూర్చునేది. మాట్లాడేది నాతోనే. నేను ఆమె జుట్టుముడితో మాట్లాడేవాణ్ణి.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. "అక్కా, మందు కావాల్సింది నీకు. నేనుండేది ఈ పక్క" అన్నాను ఒకసారి.

"తెలుసులేప్పా. నువ్వు పొద్దన్నుంచీ ఎవురి మీదనో కోపంగా ఉండావు. కోపంగా ఉండేవాళ్లను సూస్తే ఇంకా కోపమొస్తాది. సూడకుంటే తగ్గిపోతాది."

తగ్గింది. ఆ సంగతి ఆమెకు మాత్రం చెప్పలేదు.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు కూడా. అందరూ షెడ్డమ్మ అనేవాళ్లు, నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను 'మందులప్పా' అనేది. స్టూలు మీద కూర్చుని పురుగు మాత్రలు, గజ్జి మందు అడుగుతూనే రోడ్డు మీద పోయేవాళ్ల సంగతులన్నీ నాకు చెప్పేది. ఫలానా ఆయన కొత్త చొక్కా వేసినాడు, ఫలానా ఆటో ముందు చక్రంలో గాలి తక్కువగా ఉండాది, ఇట్లా. లోపల కూర్చునేవాణ్ణి నాకు అవేవీ కనపడవని ఆమె జాలి. పోయేముందు ఎప్పుడూ ఒకటే మాట. "ఆ తలనూనె మార్చప్పా. నీ వాసనకే సగం జబ్బులు పారిపోతాండాయి, ఇంక మందులు యాల?"

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిది. నాకు కుక్కలంటే పడదు. అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు.

ఆమె షెడ్డు పుంగనూరు రోడ్డులో, ఊరు దాటినాక ఉండేది. అది కుక్కల కోసం కట్టింది కాదు. ఆమే, ఆమె భర్తా అందులో ఏళ్ల తరబడి పట్టుపురుగులు మేపారు. భర్త పోయాక ఒక్క మనిషితో అయ్యే పని కాక మానేసింది. ఖాళీ షెడ్డులోకి ముందు ఒక కుంటి కుక్క వచ్చి పడుకుంది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత జనమే తెచ్చి గేటు దగ్గర వదిలిపోవడం మొదలుపెట్టారు. షెల్టర్ అని బోర్డు లేదు, కమిటీ లేదు. కుక్కలు మాత్రం ఎప్పుడూ నిండా ఉండేవి.

పట్టుపురుగులు మేపేవాళ్లకు కొన్ని పద్ధతులుంటాయి. బయటి మనిషి ఊరికే పురుగుల గదిలోకి రాకూడదు. వస్తే చెప్పులు బయట విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కుని రావాలి. సెంటు పూసుకోకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. పురుగులు పోయినా ఆమె ఆ పద్ధతులు పోనివ్వలేదు. గేటు పక్కన సిమెంటు తొట్టి, అందులో చెంబు. కుక్కను పెంచుకుంటామని ఎవరొచ్చినా ముందు ఆ తొట్టి దగ్గర ఆగాల్సిందే. కారులో దిగిన ఒక పెద్దమనిషి బూట్ల తాళ్లు విప్పుకోలేక విసుక్కున్నాడు. కుక్కల దగ్గరికి పోవడానికి కాళ్లెందుకు కడగాలి అని అడిగాడు.

"నువ్వు యాడాడ తిరిగొచ్చినావో అంతా నీ కాళ్ల మీద ఉంటాదప్పా. అంత కత వాటికి యాల?" అంది.

కడుక్కున్నాక లోపల ఒక చాప వేసేది. ఏ కుక్కనైతే అడిగారో దానికి వీపు పెట్టి చాప మీద కూర్చోమనేది. తిరగకూడదు, పిలవకూడదు, చిటికెలు వేయకూడదు. కుక్క తనంతట తాను రావాలి. అది ఎప్పుడొస్తే అప్పుడు. ధైర్యమున్న కుక్కలు వెంటనే వచ్చేసేవి. బెదురు కుక్కలైతే పొద్దు వాలేది. చాలామంది నడుములు పట్టుకుని లేచిపోయేవాళ్లు. ఎవరినీ ఆమె కాదు పొమ్మని అనలేదు. షెడ్డు వెనక మిగిలిన మల్బరీ చెట్ల కింద పండ్లు ఏరి ఉంచుకునేది. గుప్పెడు పండ్లు చేతిలో పెట్టి "తినుకుంటా పోప్పా" అనేది. పండ్లు చేతికొచ్చాయంటే కుక్క రాదని మేమంతా అర్థం చేసుకునేవాళ్లం. పాపం వాళ్లకు తెలియదు, థాంక్స్ చెప్పి పోయేవాళ్లు.

మా పక్క టమోటా రేటు పెరిగితే తోటల్లో దొంగలు పడతారు. అందుకని రేటు బాగున్న ఏడాది రైతులు పెద్ద కుక్కల కోసం ఎగబడతారు. బెంగళూరులో ఎవరో పెంచలేక వదిలించుకున్న జాతి కుక్కలు ఆ నెలల్లో మా తోటల్లో తేలతాయి. రేటు పడిపోగానే వాటితో పని ఉండదు. పుంగనూరు దగ్గర ఒక తోటలో అట్లాంటి కుక్క మోటరు గది పక్కన రాతికూసానికి కట్టేసి ఉందని, చూసేవాళ్లు లేరని ఆమెకు ఎవరో చెప్పారు. ఆమె నా స్టూలు మీద కూర్చుంది. "కారు తీయప్పా" అంది. నాకు ఆరోజు సవాలక్ష పనులున్నాయి. తీశాను.

తోట పీకేశారు. కౌలుకు చేసినవాళ్లు ఊరు విడిచిపోయారు. కుళ్లిన కాయల మధ్య, మెడకు గొలుసుతో, తెల్లమచ్చల నల్లకుక్క ఒకటి నిలబడి ఉంది. అంత ఎత్తు కుక్కను నేను చూడలేదు. మా పొట్టి పుంగనూరు ఆవు పక్కన నిలబెడితే రెండూ సమానంగా ఉంటాయి. అంత ఒడ్డూ పొడుగూ ఉండి, మమ్మల్ని చూడగానే మూత్రం పోసుకుంది.

పక్క పొలం ముసలాయన రోజూ ఇంత సంగటి దూరం నుంచి విసిరేస్తున్నాడట. ఆయనే చెప్పాడు. "దొంగలు రాకుండా టపాకాయలు కాలుస్తా ఉండిరమ్మా. దీన్ని కట్టేసిన కాడనే కాల్చేది. మొదట్లో మొరిగేది. తర్వాత మొరగడం మానేసి మన్ను తవ్వుకోని, ఆ గుంతలో తల పెట్టుకునేది."

ఆ గుంత అక్కడే ఉంది. నేను చూశాను.

"అక్కా, మత్తు ఇంజక్షన్ తెచ్చినా. వేసేస్తే ఎత్తుకోని పోదాం" అన్నాను.

"మత్తులో తీసకపోతే, లేసినాక యాడుండానో తెలీక ఇంకా బెదురుతాడు" అంది. గొలుసు అందేంత దూరంలో నేల మీద, దానికి వీపు తిప్పి కూర్చుంది.

నేను కారులో కూర్చుని ఆమెను, కుక్కను, టమోటాను, కౌలు చేసినవాళ్లను వరసగా తిట్టుకున్నాను. ఎండ నెత్తిమీదికొచ్చింది, దిగింది. ఆమె కదల్లేదు. మధ్యలో ఒకసారి నీళ్లిస్తే తాగి, సీసా మూత పెట్టేటప్పుడు కూడా చప్పుడు కానివ్వలేదు. సాయంకాలం చూస్తే ఆ కుక్క గడ్డం ఆమె భుజం మీద ఉంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది. తిరిగి చూడకుండానే చేయి వెనక్కి పెట్టి గొలుసు విప్పింది.

దానికి దొడ్డప్ప అని పేరు పెట్టింది. మా పక్క కన్నడం మాటలు మామూలే, పెదనాన్న అని దాని అర్థం. "అంత పెద్దోన్ని టామీ అని యెట్ల పిలిచేది?" అనేది. షెడ్డులో దొడ్డప్ప ఒక మూల పడుండేవాడు. రోడ్డు మీద లారీలోంచి ఒక క్రేటు ధన్ మని పడితే చాలు, అంత మనిషీ గోడకు అతుక్కుపోయి వణికేవాడు. మనిషి అంటున్నాను, ఆమె అలవాటే నాకూ అంటుకుంది. తిండి ఆమె చూడనప్పుడే తినేవాడు. సత్తు ప్లేటు ఆమె వీపు వెనక పెట్టాలి. వాడు నాలుకతో నాకుతూ ప్లేటును గరగరమని నేల మీద తోసుకుంటూ పోయేవాడు. అది గోడకు కొట్టుకుని ఆగితే భోజనం అయిపోయినట్టు. ఆ శబ్దం వచ్చేదాకా ఆమె కదిలేది కాదు. అంత పొద్దూ ఆమె ముఖంలో ఒక తృప్తి ఉండేది.

ఒకరోజు ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుని చాలాసేపు రోడ్డు సంగతులేమీ చెప్పలేదు. తిరుపతిలో డాక్టరుకు చూపించుకొచ్చిందని నాకు తెలుసు.

"గుండె అలిసిపోయిందంటప్పా" అంది, రోడ్డుతో చెప్పినట్టు.

మందులున్నాయి కదక్కా అన్నాను.

"ఉండాయి. మాత్రలు మింగతాండా. అదిగాదు. సిన్న కుక్కలకు ఎవురో ఒకరు దొరకతారు. దొడ్డప్పకు ఒక ఇల్లు సూడాల, నేను పోయేలోపల. పెద్దిల్లు వొద్దు. ఓపికుండే ఇల్లు కావాల."

ఆ రోజు నుంచి నా షాపు తలుపుకు దొడ్డప్ప ఫొటో ఉంది. వచ్చినవాళ్లకు కొదవ లేదు. మార్కెట్ యార్డులో మండీ నడిపే ఒకాయన చూడగానే "ఇట్లాంటిదే కావాల, నోరు తెరిస్తే జనం జడుసుకోవాల" అన్నాడు. ఆయనకు పండ్లు. ఫామ్‌హౌస్‌కు కావాలన్న ఇంకొకాయన చాప మీద కూర్చున్నంతసేపూ ఫోన్లో స్థలం అమ్ముతూనే ఉన్నాడు. ఆయనకూ పండ్లు. పుంగనూరు నుంచి ఒక జంట వచ్చారు, మంచివాళ్లు. కానీ ఆ అమ్మాయి దొడ్డప్ప వెనక నుంచి వస్తుంటే ఫోను పైకెత్తి వీడియో తీసింది. స్క్రీన్లో చూసినా చూసినట్టేనట. నేను షెడ్డు బయటికొచ్చి పోట్లాడాను. "అక్కా, నువ్వు వెతికే మనిషి ఈ జిల్లాలో పుట్టలేదు" అన్నాను. "పుట్టుంటాడులే. బస్సు ఆలస్యమై ఉంటాది" అంది. మెట్లెక్కితే ఆయాసపడుతోంది అప్పటికే. నాకు భయం వేసింది.

ఆ మనిషి కుప్పం నుంచి వచ్చాడు. మదనపల్లెలో చుట్టాలింటికి వచ్చి, నా తలుపు మీది ఫొటో చూసి ఆగాడట. ఎంతసేపు ఆగాడో నాకు తెలియదు. నేను తలెత్తేసరికి గడప బయట నిలబడి ఉన్నాడు. ఆరడుగులు దాటిన మనిషి, భుజాలు వంచుకుని, చేతులు కట్టుకుని.

"లోపలికి రా అన్నా" అన్నాను.

"పర్వాలేదు సార్. ఆ కుక్క ఇంకా ఉండాదా సార్?"

ఆయన ఏదో ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా తలుపు బయట నిలబడే ఉద్యోగం. పిలిస్తే తప్ప లోపలికి రాని అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. వాళ్ల నాయన కూలికి పోయేవాడట, ఇంట్లో జీతమెత్తిన మొదటి మనిషి ఈయనే. ఇంతా చెప్పడానికి మూడుసార్లు క్షమించమన్నాడు.

షెడ్డుకు తీసుకుపోయాను. చెప్పులు విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, చాప మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. బిగపట్టుకుని కూర్చోలేదు. చెట్టు కింద బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. ఎప్పుడో దొడ్డప్ప లేచాడు, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు, ఆయన మెడ వెనక వాసన చూశాడు. ఆయన తిరగలేదు.

"మూతి సల్లగా ఉండాదమ్మా" అన్నాడు మెల్లగా. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

ఆమె పండ్ల వైపు చేయి కూడా పోనివ్వలేదు. ఆదివారం మళ్లీ రమ్మంది. కుప్పం నుంచి పలమనేరు, పలమనేరు నుంచి ఇక్కడికి బస్సులు మారి ఆయన వచ్చేవాడు. ఒకసారి భార్యను కూడా తెచ్చాడు. ఆమె ఉడకబెట్టిన చెనిక్కాయలు మూటగట్టుకుని వచ్చి, చాప మీద కూర్చుని, కాసేపటికి అక్కడే ఒరిగి గుర్రు పెట్టింది. దొడ్డప్ప ఆమె కాళ్ల దగ్గర పడుకున్నాడు. షెడ్డమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నిద్రపోయింది సూడప్పా. ఇంక అడిగేదేముండాది?"

అయినా అడిగింది. కట్టేస్తారా అని అడిగింది, పిల్లలు వస్తా పోతా ఉంటారా అని అడిగింది. చివరగా, "ఇంటి కాడ శబ్దం ఏమన్నా ఉంటాదాప్పా?" అంది.

ఆయన ఆలోచించాడు. ఊరికే చెప్పలేదు, నిజంగా ఆలోచించాడు. "ఏం శబ్దం లేదమ్మా. రైలు కూడా దూరమే. చెట్లు, మేమిద్దరం."

దొడ్డప్పను మేమే దించి వచ్చాం. కుప్పం దాటి, అడవి అంచున చిన్న పల్లె. ఇంటి వెనక రాగి చేను, దాని వెనక అడవి. ఆమె ఇంటి చుట్టూ తిరిగి, ఒక్కో మూల ఆగి చెవి పెట్టి విన్నది. పక్షులు తప్ప ఏమీ లేదు. పోయేముందు ఆ ఇల్లాలి ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, ముఖంలోకి చూసింది. ఆమె ఒకరి ముఖంలోకి అట్లా చూడడం నేను చూసింది అదొక్కసారే.

ఆ తర్వాత కొన్ని నెలలు బాగా గడిచాయి. ఆయన ఫోను చేసేవాడు, ఆమె స్టూలు మీద కూర్చుని స్పీకరు పెట్టి వినేది. దొడ్డప్ప వాకిట్లోకి వచ్చినాడు. దొడ్డప్ప చేతిలోది తిన్నాడు. ఒకరోజు ఆయన గొంతు మారిపోయింది. "అమ్మా, ఈ పొద్దు మొరిగినాడమ్మా. కోడిని చూసి మొరిగినాడు." ఆమె ఫోను ఒడిలో పెట్టుకుని, రోడ్డు మీద పోయే ఎవరినో చూసి నవ్వింది. ఆ ఎవరో కూడా తిరిగి నవ్వాడు.

తర్వాత రాగులు కంకి పట్టాయి.

కుప్పం అడవి అంచు పల్లెల్లో ఆ కాలానికి ఏనుగులు దిగుతాయి. ఊరంతా వంతులు వేసుకుని టపాకాయలు కాల్చి, డబ్బాలు కొట్టి వాటిని అడవిలోకి తోలుతారు. ఏడాదికేడాది జరిగేదే. ఆమె శబ్దం ఉందా అని అడిగింది, ఆయన లేదన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. మదనపల్లె మనుషులం, మాకు ఏనుగుల మాట తట్టలేదు. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన ఆయనకు అది చప్పుడని తట్టలేదు. వాన పడుతుందా అని ఎవరైనా అడిగితే చెబుతాం, పొద్దు గుంకుతుందా అని ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు?

ఆ సాయంకాలం వంతు ఆయనది. మొదటి టపాకాయ ఆయన చేతిదే.

ఫోనులో ఏడుస్తూ చెప్పాడు. తలుపు చెక్క విరగ్గొట్టుకుని దొడ్డప్ప చేలో పడి అడవిలోకి పారిపోయాడట. "నేనే కాల్చినానమ్మా. నా చేత్తో నేనే కాల్చినా."

"ఏడవద్దప్పా. ప్లేటు రోజూ పెట్టే కాడనే పెట్టు. నేనొస్తాండా" అంది. ఫోను పెట్టేసి కాసేపు ఊపిరి పీల్చుకోలేకపోయింది. పోవద్దని నేను అరిచాను. అప్పటికే చెప్పులేసుకుని కారు దగ్గర నిలబడి ఉంది.

చేని గట్టు మీద, అడవికి వీపు పెట్టి కూర్చుంది. వెనక ప్లేటులో సంగటి. సాయంకాలం దాకా ఏమీ రాలేదు. ఈగలు వచ్చాయి. వచ్చే ఆదివారం మళ్లీ వస్తామని చెప్పి బయలుదేరాం.

ఆ మధ్యలోనే అంతా అయిపోయింది. తర్వాతి ఆదివారం మేము పోగానే ఆయన నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. ఎవరో అడవి పందుల కోసం చెనిక్కాయల చేనుకు కరెంటు కంచె పెట్టుకున్నారు. దొడ్డప్ప దానికి తగిలి పడి ఉంటే ఈయన చూశాడు. ఒక్కడే ఎత్తుకొచ్చి మామిడి చెట్టు కింద పూడ్చాడు. అంత బరువును ఎట్లా మోశాడో. భుజం మీద చర్మం చెక్కుకుపోయి ఉంది.

"అమ్మకు నేను చెప్పలేను సార్. కారు కాడినుంచి గట్టు కాడికి వచ్చేలోపల రెండు తూర్లు కూర్చునింది సార్. చెప్తే ఆడనే పడిపోతాది."

నేనూ చెప్పలేనన్నాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. ఈ రోజు మళ్లీ అడిగినా అదే చెబుతాను.

ఆమె ఎప్పటిలాగే కూర్చుంది. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. పొద్దు వాలుతుండగా ఆయన వట్టి కాళ్లతో చేలోంచి వచ్చాడు. అంత పెద్దమనిషి ఆకు కూడా కదలకుండా నడిచాడు. ఆమె వెనక వంగి ప్లేటులో సంగటి మొత్తం తువ్వాలులోకి ఎత్తుకున్నాడు. ఖాళీ ప్లేటు అక్కడే వదిలి, తువ్వాలు గుండెకు పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, ఇంటి పక్క నుంచి తిరిగొచ్చాడు.

"తిన్నాడాప్పా?" అంది ఆమె, తల తిప్పకుండానే.

"తిన్నాడమ్మా."

ఆమె తల ఊపింది. నేను కారు దగ్గరికి పోయి టైర్లు చూస్తున్నట్టు నటించాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. ఆమె కూర్చునేది, ఆయన వచ్చేవాడు, ప్లేటు ఖాళీ అయ్యేది. ఆమెకు నేల మీద కూర్చునే శక్తి పోతే ఆయన కుర్చీ తెచ్చి వేశాడు. ఇంటి ఇల్లాలు కాఫీ ఇచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయేది. ఇక నేను తిప్పలేను, ఆపేద్దాం అని ప్రతి సోమవారం అనుకునేవాణ్ణి. ఆదివారం ఆమె గేటు దగ్గర రెడీగా ఉండేది, కాళ్లూ చేతులూ కడుక్కుని.

ఆఖరిసారి తిరిగొస్తూ పుంగనూరులో కాఫీ తాగుదామంది. బస్టాండు పక్కన కారు ఆపాను. దిగలేకపోయింది. గ్లాసు తెచ్చి కారులోనే ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ కూర్చుంది.

"దొడ్డప్ప యెప్పుడు పోయినాడు మందులప్పా?" అంది.

ఇక దాచి లాభం లేదు. చెప్పాను, కంచె సంగతి, మామిడి చెట్టు సంగతి. ఆమె కాఫీ ఒలకనివ్వలేదు.

"నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

"ప్లేటు ఖాళీ అయిన మొదటి దినమే. మనోడు తింటే ప్లేటు పెట్టిన కాడ ఉంటాదా? గరగరమని ఆ చివరికి పోతాది. అది కదల్లేదు."

నాకు కోపమొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపమే వస్తుంది. "తెలిసి యాల కూర్చున్నావు మరి? ఇన్ని వారాలు? ఈ ఒంటితో?"

గ్లాసు నా చేతికిచ్చింది.

"ఆయప్ప ఏడస్తా వస్తాండాడప్పా నా వెనక. అంత పెద్ద మనిషి, ముక్కు ఎగబీల్చకుండా ఏడస్తాండాడు. తిరిగి సూసినాననుకో, బెదిరిపోతాడు. మళ్లా జన్మలో ఎవురి కాడికీ రాడు." ఊపిరి అందక ఆగింది. "ఇంకో రెండు తూర్లు కూర్చుంటే తనే వచ్చి చెప్తాడు. ఆయప్ప చెప్పినాక ఇంకో కుక్కనియ్యి ఆ ఇంటికి. ఓపికుండే ఇల్లప్పా అది. చెప్పకముందు ఇయ్యొద్దు."

ఆ రెండు ఆదివారాలు ఆమెకు దొరకలేదు.

షెడ్డు ముందు పందిరి వేసి, ఆమెను చాప మీద పడుకోబెట్టారు. చుట్టాలు, వీధివాళ్లు, ఒకప్పుడు కుక్కల్ని తీసుకుపోయినవాళ్లు, పండ్లు తిని పోయినవాళ్లు కూడా కొందరు వచ్చారు. నా షాపు స్టూలు నేనే తెచ్చుకుని ఒక పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక కుప్పం ఆయన వచ్చాడు. గేటు బయట నిలబడిపోయాడు. ఈసారి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. నేను లేవబోయాను. అంతలో ఆయనే చెప్పులు విడిచాడు. తొట్టి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు, చేతులు కడుక్కున్నాడు. చావింటి నుంచి పోయేటప్పుడు కడుక్కునేవాళ్లే గానీ వచ్చేటప్పుడు కడుక్కునేవాళ్లు ఉండరు. జనం అందరూ ఆయన్నే చూశారు.

ఆయన జనం మధ్య నుంచి వంగి నడిచొచ్చి, చాప అంచు మీద, ఆమెకు వీపు తిప్పి కూర్చున్నాడు.

ఆమె చుట్టాల్లో ఒక పెద్దాయన నా వైపు వంగాడు. "ఎవురప్పా ఈయన? శవానికి వీపు సూపిస్తా కూర్చుంటాడు, బుద్ధి లేదా?"

"చూడొద్దన్నా. ఆయన వైపు చూడొద్దు" అన్నాను.

"అమ్మా" అంటున్నాడు ఆయన, తనలో తాను మాట్లాడుకున్నంత మెల్లగా. "అమ్మా, ఆ ప్లేటు నేనే తీసినానమ్మా. దొడ్డప్ప లేడు."

నేను స్టూలు రోడ్డు వైపు తిప్పుకున్నాను. ఆయన చెప్పడం అయ్యేదాకా వచ్చే బస్సుల్ని, పోయే లారీల్ని చూస్తూ కూర్చున్నాను.